దేశం పోయినా పాట పోనివ్వని ఒలెక్సాండర్ కోషెట్స్



క్రిస్మస్ దగ్గర పడుతోందంటే పట్నాల్లోని కాన్వెంటు స్కూళ్లలో, టీవీలో, పెద్ద దుకాణాల్లో ఒక ఇంగ్లీషు పాట వినిపిస్తుంది. గంట మోగినట్టు నాలుగు స్వరాల చిన్న పలుకు మొదటినుంచి చివరివరకు తిరుగుతూనే ఉంటుంది. దాని పేరు ‘క్యారల్ ఆఫ్ ద బెల్స్’. మీ పిల్లలు కూడా స్కూలు కార్యక్రమంలో పాడే ఉంటారు. ఆ పాట పుట్టింది ఇంగ్లాండులోనో అమెరికాలోనో అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఉక్రెయిన్ దేశపు పాట. దాన్ని మొదటిసారి సభలో పాడించి, తర్వాత సముద్రాలు దాటించి లోకానికి వినిపించిన వ్యక్తి ఒలెక్సాండర్ కోషెట్స్. ఇంగ్లీషు పత్రికలు ఆయనను అలెగ్జాండర్ కోషెట్స్ అని రాసేవి. సంగీతం తెలిసినవారి లోకంలో ఒకప్పుడు మారుమోగిన పేరు అది. ఈ వారం ఆయన జీవితాన్ని మీతో పంచుకుంటాను.

గురువుగారి ఇంట పుట్టిన బిడ్డ

కోషెట్స్ 1875 సెప్టెంబర్ 12న కీవ్ ప్రాంతంలోని రొమాష్కి అనే గ్రామంలో జన్మించారు. తండ్రి ఆర్తడాక్స్ గురువు. తూర్పు ఆచారాల శ్రీసభల్లో పెళ్లయినవారు కూడా గురుపట్టం పొందవచ్చు. కాబట్టి అక్కడ గురువుగారి ఇల్లంటే పిల్లాపాపలున్న ఇల్లే. ఉక్రెయిన్ సంగీతకారుల్లో ఎంతోమంది ఇలాంటి గురువుల ఇళ్లనుంచి వచ్చినవారే.

ఇక్కడ ఒక విషయం మీరు తెలుసుకోవాలి. తూర్పు ఆచారంలో, అంటే బైజాంటిన్ రీతి దైవార్చనలో, సాధారణంగా వాయిద్యాలు వాడరు. మన దేవాలయాల్లోలాగా హార్మోనియం, తబలా, కీబోర్డు ఉండవు. ఆర్గన్ కూడా ఉండదు. మనిషి గొంతు ఒక్కటే అక్కడి వాయిద్యం. గురువు ప్రార్థనను రాగంతో అందుకుంటారు, గాయక బృందమో ప్రజలో రాగంతో జవాబిస్తారు. పూజ మొదటినుంచి చివరివరకు ఇలాగే సాగుతుంది. అక్కడ పాటను పూజకు అలంకారంగా ఎవరూ చూడరు. పాటలోనే పూజ నడుస్తుంది. అందుచేత పల్లెలో పుట్టిన పిల్లవాడు కూడా నాలుగు గొంతుల మేళవింపును తల్లిపాలతోపాటే నేర్చుకుంటాడు.

కోషెట్స్ చిన్ననాట నేర్చిన విద్య ఇదే. పెద్దయ్యాక కీవ్ వేదాంత విద్యాపీఠంలో చేరి 1901లో చదువు ముగించారు. అక్కడ విద్యార్థుల గాయక బృందాన్ని నడిపించే పని ఆయన చేతికి వచ్చింది. ఆ బృందం బొర్ట్‌న్యాన్‌స్కీ, వేదెల్ వంటి పద్దెనిమిదవ శతాబ్దపు మహా స్వరకర్తల పవిత్ర గీతాలను పాడేది. చదువు అయ్యాక ఆయన గురుత్వంలోకి వెళ్లలేదు. తన పిలుపు సంగీతమేనని తేల్చుకున్నారు.

పల్లెపాటల వేట

1903 నుంచి 1905 వరకు కోషెట్స్ నల్ల సముద్రానికి తూర్పున ఉన్న కుబాన్ ప్రాంతంలో తిరిగారు. అక్కడి కొసాక్కులు ఉక్రెయిన్‌నుంచి ఒక శతాబ్దం క్రితం వలస వెళ్లినవారి సంతతి. తాతముత్తాతల పాటలను వారు ఇంకా పాడుకుంటూనే ఉన్నారు. కోషెట్స్ ఊరూరా వెళ్లి, ముసలివారి దగ్గర కూర్చుని, వందలాది పాటలను విని స్వరాలతో సహా రాసుకున్నారు. ఊరు విడిచి వెళ్లినవాళ్లు పొలం పోగొట్టుకున్నా, ఇల్లు పోగొట్టుకున్నా, పాటను మాత్రం మూట గట్టుకుని తీసుకుపోతారని ఆయన కళ్లారా చూశారు. అదే గతి ఒకనాడు తనకూ పడుతుందని అప్పుడాయనకు తెలియదు.

కీవ్‌లో ఆయన మికోలా లిసెంకో దగ్గర శిష్యరికం చేశారు. ఉక్రెయిన్ సంగీతానికి పితామహుడని ఆ ప్రజలు గౌరవించే పెద్దాయన లిసెంకో. తర్వాత కోషెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థుల గాయక బృందాన్ని నడిపారు, సంగీత విద్యాలయంలో పాఠాలు చెప్పారు, నాటకశాలలోనూ ఒపేరాలోనూ పనిచేశారు. అప్పుడు ఉక్రెయిన్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. 1876లో వచ్చిన ఒక ఆజ్ఞ ఉక్రేనియన్ భాషలో పుస్తకాల అచ్చును దాదాపు పూర్తిగా ఆపేసింది. ఆ ఆంక్షలు 1905 నాటికి గాని సడలలేదు. సొంత భాషలో చదవడానికి పుస్తకం దొరకని రోజుల్లో పాటే వారికి పుస్తకమైంది.

1916 డిసెంబర్‌లో ఆ విద్యార్థి బృందం ఒక కొత్త పాట పాడింది. దాన్ని స్వరపరిచినవారు కోషెట్స్ మిత్రుడు మికోలా లియొంతోవిచ్. ఆయనా గురువుగారి కుమారుడే, వృత్తిరీత్యా పల్లెటూరి బడి పంతులు. ఆ పాట పేరు ‘షెడ్రిక్’. ఒక వానకోవెల ఇంటి యజమాని దగ్గరికి ఎగిరివచ్చి, నీ మందలో గొర్రెపిల్లలు పుట్టాయి, ఈ ఏడాది నీకు సమృద్ధి కలుగుతుంది అని శుభం చెప్పడం అందులోని విషయం. మన దగ్గర సంక్రాంతికి హరిదాసు, గంగిరెద్దులవారు ఇంటింటికీ వచ్చి దీవించినట్టే, అక్కడ కొత్త సంవత్సరం ముందు పిల్లలు గుమ్మం గుమ్మానికీ వెళ్లి పాడే దీవెన పాట అది. ఇరవయ్యేళ్ల తర్వాత ఇదే ‘క్యారల్ ఆఫ్ ద బెల్స్’ అయింది. ఆ సంగతి ముందు చెబుతాను.

తుపాకులకు బదులు గాయకులు

1917లో చక్రవర్తి రాజ్యం కూలింది. ఉక్రెయిన్ స్వతంత్ర రాజ్యమని ప్రకటించుకుంది. కాని నాలుగు వైపులా యుద్ధమే. 1919 జనవరిలో ప్యారిస్ నగరంలో శాంతి సమావేశం మొదలైంది. ఏ దేశానికి గుర్తింపు ఇవ్వాలి, ఏ సరిహద్దు ఎక్కడ గీయాలి అన్నది అక్కడ తేలుతుంది. ఉక్రెయిన్ అనే జాతి ఒకటుందని పడమటి దేశాల్లో చాలామందికి తెలియనే తెలియదు. అప్పుడు ఆ రాజ్య నాయకుడు సీమొన్ పెట్ల్యూరా ఒక గాయక బృందాన్ని యూరపుకు పంపాలని నిర్ణయించారు. ఆ భారాన్ని కోషెట్స్ మీద, కిరిలో స్టెట్సెంకో మీద పెట్టారు. స్టెట్సెంకో స్వరకర్త, గురువు కూడా.

కొద్ది రోజుల్లోనే గాయకులను కూర్చారు. ఫిబ్రవరి మొదట్లో బోల్షివిక్ సైన్యం కీవ్‌ను పట్టుకుంది. బృందం దానికి కాస్త ముందుగానే బయటపడింది. దారిలో రైళ్లు ఆగాయి, కొందరు వెనుదిరిగారు, కొందరు కొత్తగా చేరారు. స్టెట్సెంకో స్వదేశంలోనే ఉండిపోయి తన ప్రజల మధ్య గురువుగా సేవ చేశారు. 1922లో టైఫస్ జ్వరం వ్యాపించినప్పుడు రోగులైన విచారణ ప్రజలను పరామర్శిస్తూ తానూ ఆ జ్వరానికి గురై మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 40 సంవత్సరాలు కూడా నిండలేదు.

కోషెట్స్ బృందం 1919 మే 11న ప్రాగ్ నగరంలో మొదటి కచేరీ చేసింది. పవిత్ర గీతాలు, క్రిస్మస్ పాటలు, పల్లెపాటలు కలిపి పాడారు. వాయిద్యం ఒక్కటీ లేదు. కోషెట్స్ చేతిలో బెత్తం కూడా పట్టుకునేవారు కారు. ఖాళీ చేతులతో, వేళ్ల కదలికతో గొంతులను లేపేవారు, దించేవారు. విన్నవారు ముగ్ధులయ్యారు. నెయెద్లీ అనే చెక్ సంగీత పండితుడు ఆ బృందం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆ తర్వాత ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, బ్రిటన్, జర్మనీ, పోలండ్, స్పెయిన్ దేశాలు చుట్టివచ్చారు.

కాని రాజకీయం పాటకు లొంగలేదు. పత్రికలు పొగిడాయి, హాళ్లు నిండాయి, గుర్తింపు మాత్రం రాలేదు. బృందం ఇంకా దేశాలు తిరుగుతుండగానే దాన్ని పంపిన రాజ్యం లేకుండా పోయింది. పాఠకులారా, ఒక్కసారి ఆలోచించండి. ఇంటి తరఫున పెళ్లిపిలుపులకు బయలుదేరినవాళ్లకు దారిలో ఉండగా ఇల్లే కూలిపోయిందన్న కబురు అందితే ఎలా ఉంటుంది? కోషెట్స్ పరిస్థితి అదే. డబ్బు పంపేవారు లేరు. తిరిగి వెళ్లడానికి దేశం లేదు.

అంతలో మరో దుర్వార్త వచ్చింది. 1921 జనవరి 23న లియొంతోవిచ్ తన తండ్రిగారి ఇంట్లో హత్యకు గురయ్యారు. ప్రయాణికుడినని చెప్పి ఆ రాత్రి ఆశ్రయం అడిగి ఇంట్లో పడుకున్న సోవియట్ రహస్య పోలీసు మనిషి తెల్లవారుజామున ఆయనను కాల్చాడు. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. రెండేళ్ల క్రితమే ఆయన పునీత క్రిసోస్తం యోహాను దైవార్చనను సొంత భాషలో స్వరపరిచి ఉన్నారు. మిత్రుడి పాటలు ఇప్పుడు కోషెట్స్ చేతుల్లోనే ఉన్నాయి. తాను పాడించకపోతే లోకానికి అవి చేరవు.

సముద్రం దాటిన పాట

1922లో బృందం అమెరికా చేరింది. అక్టోబర్ 5న న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో మొదటి కచేరీ జరిగింది. షెడ్రిక్ పాటను అమెరికా విన్నది ఆనాడే. అదే ఏడు బ్రన్స్విక్ కంపెనీవారు దాన్ని గ్రామఫోన్ రికార్డుగా తీశారు. అక్కడినుంచి మెక్సికో వెళ్లారు. మెక్సికో నగరంలో ఎడ్ల పోరు జరిగే మైదానంలో 30,000 మందికి పైగా కూర్చుని విన్నారు. తర్వాత బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే, క్యూబా, కెనడా దేశాల్లోనూ పాడారు.

అయినా గాయకులు మనుషులే కదా. ఏళ్ల తరబడి రైళ్లలో, ఓడల్లో తిరిగి అలసిపోయారు. కొందరు దొరికిన చోట దొరికిన పని చూసుకుని స్థిరపడ్డారు. 1920ల నడుమ బృందం చెదిరిపోయింది. కోషెట్స్, ఆయన భార్య తెత్యానా న్యూయార్క్‌లో ఉండిపోయారు. ఆమె కూడా గాయని. చక్రవర్తుల నగరాల్లో చప్పట్లు అందుకున్న ఆ మనిషికి ఇప్పుడు సొంత బృందం లేదు.

అసలు కోషెట్స్ గొప్పతనం ఇక్కడే మొదలవుతుందని నాకనిపిస్తుంది. ఆయన తనను తాను చిన్నబుచ్చుకోలేదు. ఇంట్లో కూర్చుని పల్లెపాటలను బృందగానానికి అమర్చారు. దైవార్చన గీతాలను స్వరపరిచారు. కీవ్ పాత రాగాలను జ్ఞాపకంనుంచి తీసి కాగితం మీద పెట్టారు. వలస వచ్చిన ఉక్రేనియన్ల సంఘాల, దేవాలయాల గాయక బృందాలను కలిపి పెద్ద కచేరీలు నడిపారు. గనుల్లో, కార్ఖానాల్లో పగలంతా పనిచేసి రాత్రి సాధనకు వచ్చే కూలీలు, వారి భార్యలు, పిల్లలే ఆ బృందాల్లో గాయకులు.

ఆ రోజుల్లోనే పీటర్ విల్‌హౌస్కీ అనే న్యూయార్క్ సంగీత ఉపాధ్యాయుడు షెడ్రిక్ రాగానికి గంటల గురించి ఇంగ్లీషు మాటలు రాశాడు. 1936లో అది అచ్చయింది. వానకోవెల పోయి గంటలు వచ్చాయి, కొత్త సంవత్సరపు పాట క్రిస్మస్ పాట అయింది. లోకమంతా పాడుకున్నది, కాని లియొంతోవిచ్ పేరు, ఆయన చావు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంటివద్ద మూసిన తలుపులు, పరదేశంలో తెరిచిన గొంతులు

అదే కాలంలో స్వదేశంలో ఏం జరుగుతోందో చూడండి. కీవ్‌లోని వెయ్యేళ్ల నాటి పునీత సోఫియా దేవాలయాన్ని 1934లో ప్రభుత్వం మ్యూజియంగా మార్చింది. బంగారు గుమ్మటాల పునీత మిఖాయేలు మఠాలయాన్ని 1930లలో మందుపెట్టి పేల్చివేసింది. పడమటి ఉక్రెయిన్‌లో మన పోపుగారితో ఐక్యత కలిగిన గ్రీకు కథోలిక శ్రీసభ ఉంది. మనకు తెలంగాణలో ఆదిలాబాదు, శంషాబాదు మేత్రాసనాలుగా ఉన్న సీరో మలబార్ శ్రీసభలాగే, అది కూడా సొంత ఆచారాన్ని నిలుపుకుంటూ రోముతో కలిసి ఉన్న తూర్పు శ్రీసభ. 1945లో దాని పీఠాధిపతులను చెరసాలల్లో వేశారు. 1946లో ఆ శ్రీసభను రద్దు చేశామని ప్రకటించారు. దాని అధిపతి యోసిఫ్ స్లీపీ గారు 1963 వరకు, అంటే 18 సంవత్సరాలు, బందీగా గడిపారు.

ఇంటివద్ద పాడే వీలు లేనప్పుడు ఆ ప్రార్థన ఎక్కడ బతికింది? పెన్సిల్వేనియా గనుల ఊళ్లలో, న్యూయార్క్ సందుల్లో, కెనడా గోధుమ పొలాల మధ్య కట్టుకున్న చిన్న చిన్న గుడుల్లో బతికింది. కెనడాకు ఉక్రేనియన్ రైతుల వలస 1891లో మొదలైంది. 1912లో వారికి నికీత బుద్కా గారు మొదటి గ్రీకు కథోలిక పీఠాధిపతిగా విన్నిపెగ్ చేరారు. ఆయన తర్వాత స్వదేశానికి తిరిగి వెళ్లి, అరెస్టయి, 1949లో కజకస్తాన్ నిర్బంధ శిబిరంలో ప్రాణాలు విడిచారు. 2001లో రెండవ జాన్ పౌల్ పోపుగారు ఆయనను ధన్యజీవిగా ప్రకటించారు.

ఆ విన్నిపెగ్ నగరమే కోషెట్స్ చివరి మజిలీ అయింది. 1941 నుంచి ప్రతి వేసవిలోనూ ఆయన అక్కడికి వెళ్లి, ఉక్రేనియన్ సంఘంవారు నడిపే తరగతుల్లో పాఠాలు చెప్పారు. ఆయన ముందు కూర్చున్నవారు కెనడాలో పుట్టి పెరిగిన కుర్రవాళ్లు, ఆడపిల్లలు. వారిలో ఎందరో ఉక్రెయిన్‌ను కళ్లతో చూడనివారు. ఒకప్పుడు రాజధానుల్లో కచేరీలు చేసిన ఆయన వారికి ఓపికగా అక్షరం నేర్పినట్టు పాట నేర్పారు. పాడటం ఒక్కటే చాలదని, పాడించడం కూడా నేర్పారు. ఎందుకంటే ఒక గాయకుడు తయారైతే ఒక గొంతు పెరుగుతుంది, ఒక బృంద నాయకుడు తయారైతే ఒక విచారణ మొత్తం పాడుతుంది.

1944 సెప్టెంబర్ 21న, 69వ పుట్టినరోజు గడిచిన కొద్ది రోజులకే, కోషెట్స్ విన్నిపెగ్‌లో కన్నుమూశారు. 1919లో విడిచిన నేలను మళ్లీ చూడలేదు. ఆయన జ్ఞాపకాలు, యాత్రల దినచర్య తర్వాతి సంవత్సరాల్లో విన్నిపెగ్‌లో పుస్తకాలుగా వచ్చాయి. తెత్యానా అక్కడే ఉండి, ఆ ఏడే స్థాపించిన ఉక్రేనియన్ సాంస్కృతిక విద్యా కేంద్రంలో పనిచేశారు. కోషెట్స్ కాగితాలు ఆ కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఒక గాయక బృందం ఆయన పేరు పెట్టుకుని ఆ నగరంలో దశాబ్దాలపాటు పాడింది.

ఆ విత్తనం ఎక్కడెక్కడో మొలిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శరణార్థులుగా వచ్చినవారు వెళ్లిన ప్రతి దేశంలోనూ గుడి కట్టారు, గాయక బృందం పెట్టారు. నెదర్లాండ్స్‌లో 1951లో మిరొస్లావ్ అంతొనొవిచ్ అనే ఉక్రేనియన్ సంగీత పండితుడు డచ్చివారితోనే ఒక బైజాంటిన్ గాయక బృందాన్ని స్థాపించాడు. ఉక్రేనియన్ రక్తం లేని ఆ గాయకులు ఆ దైవార్చనను నేర్చుకుని ఊరూరా పాడారు. పాట పుట్టిన దేశంలో అది నిషేధంలో ఉండగా పరాయివాళ్లు దాన్ని కాపాడారన్నమాట.

తిరిగి వచ్చిన పాట

1989 చివరినాటికి సోవియట్ ప్రభుత్వం గ్రీకు కథోలికులను మళ్లీ నమోదు చేసుకోనిచ్చింది. 1991లో ఉక్రెయిన్ స్వతంత్రమైంది. పేల్చివేసిన మిఖాయేలు దేవాలయాన్ని 1990లలో తిరిగి కట్టారు. కోషెట్స్ పేరు, స్టెట్సెంకో, లియొంతోవిచ్‌ల దైవార్చన గీతాలు మళ్లీ కీవ్ గుడుల్లో వినిపించాయి. లియొంతోవిచ్‌ను చంపినవాడెవరో చెప్పే పత్రాలు కూడా ఆ దశాబ్దంలోనే బయటికి వచ్చాయి.

2022 ఫిబ్రవరిలో ఆ దేశం మీద మళ్లీ పెద్ద యుద్ధం వచ్చిపడింది. ఆ ఏడాది డిసెంబర్ 4న, కోషెట్స్ తొలి కచేరీకి నూరేళ్లు నిండిన సందర్భంగా, అదే కార్నెగీ హాలులో కీవ్‌కు చెందిన ‘షెడ్రిక్’ పిల్లల గాయక బృందం ఆ పాటను పాడింది. యుద్ధం నడుస్తున్న దేశంనుంచి వచ్చిన పిల్లలు వారు. నూరేళ్ల క్రితం దేశం పోగొట్టుకున్నవారు పాడిన వేదిక మీద, దేశాన్ని నిలుపుకోవడానికి పోరాడుతున్నవారి బిడ్డలు నిలబడ్డారు.

ప్రియ పాఠకులారా, కోషెట్స్ ఆర్తడాక్స్ బిడ్డ. అయినా ఆయన అమర్చిన గీతాలను కథోలికులూ ఆర్తడాక్స్ వారూ ఇద్దరూ పాడుకుంటారు. వేదాంతులు శతాబ్దాలుగా విప్పలేని ముడి గాయకుల దగ్గర కాస్త వదులవుతుంది. ఆయన ఏ యుద్ధమూ గెలవలేదు. పంపిన పనిలో, లోకం లెక్కప్రకారం, ఓడిపోయారు. కాని ఆయన మోసిన పాట ఆయనను పంపిన రాజ్యంకన్నా, దాన్ని కూల్చిన రాజ్యంకన్నా ఎక్కువకాలం బతికింది.

మన విచారణల్లోనూ పాత ఉపదేశులు నేర్పిన పాస్క పాటలు, తపస్సుకాలపు శ్రమల గీతాలు, అవ్వలు జపమాల వేళ పాడుకునే మరియమాత పదాలు ఉన్నాయి. ఎన్నో పుస్తకాలకెక్కలేదు. పాడేవారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మన పిల్లలు హైదరాబాదుకు, గల్ఫు దేశాలకు, అమెరికాకు వెళ్లి అక్కడ తెలుగు పూజ జరిగినప్పుడు పాడటానికి పాట వెతుక్కుంటున్నారు. మీ ఇంట్లో అలాంటి పాట తెలిసిన పెద్దవారుంటే ఈ ఆదివారం పూజ అయ్యాక వారి పక్కన కూర్చోండి. పాడించుకోండి. రాసుకోండి, ఫోనులో రికార్డు చేయండి. తర్వాత మీ గాయక బృందంలోని చిన్నవాళ్లకు నేర్పించండి. కుబాన్ పల్లెల్లో ముసలివారి పక్కన కూర్చున్న కోషెట్స్ చేసిన పని కూడా అదే.